ఇటాలియన్ సూటు కుట్టించుకోవాలి, టైలర్‌ని ఎలా ఎంచుకోవాలి?

మూడోగుండీ:
అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. రెడీమేడ్ కోటు నాకు ఇంతవరకు ఒక్కటీ కుదిరి చావలేదు. ఛాతీకి సరిపోతే నడుము దగ్గర సంచీలా వేలాడుతుంది, నడుముకి సరిపోతే గుండీ పెట్టగానే ఊపిరాడదు. దానికి తోడు కుడి భుజం ఎడమదానికంటే కిందికి ఉంటుంది. పదిహేనేళ్లు ఒకే భుజాన బ్యాగు మోసిన పుణ్యం.

ఈసారి కొలతలిచ్చి, బీస్పోక్, అంటే పూర్తిగా నా ఒంటికోసమే, కుట్టించుకుందామని నిర్ణయించుకున్నాను. ఇటాలియన్ పద్ధతి కావాలి. మెత్తటి భుజం, వెడల్పాటి లాపెల్ (ఛాతీ మీద వెనక్కి మడిచిన అంచు), ఒంటిమీద ఉందో లేదో తెలియని కోటు. ముగ్గురు టైలర్లను అనుకున్నాను. ఒకాయన షాపులో బొమ్మల మీద కోట్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, ఏ స్టైల్ అడిగినా చేస్తామన్నారు. రెండో ఆయన ఫొటోలు ఫోన్‌లో చూసి మతిపోయింది. మూడో ఆయన పెద్దాయన, బోర్డు కూడా సరిగ్గా లేదు, మాట తక్కువ. వెళ్లి ఏం అడగాలి, ఏం చూడాలి? టెన్షన్‌గా ఉంది, ఎందుకంటే నాకు ఇది రెండోసారి కొనగలిగే వస్తువు కాదు.

నీలిచారలు:
ముందు ఒక ప్రశ్న. ఇటాలియన్ అంటే ఏ ఊరి ఇటాలియన్? నవ్వులాటకి అడగడం లేదు. రోమ్ కోటూ నేపుల్స్ కోటూ పక్కపక్కన వేలాడదీస్తే అవి ఒకే దేశానివంటే నమ్మబుద్ధి కాదు.

రోమ్ కోటుకి భుజం గట్టిగా, గీత గీసినట్టు ఉంటుంది. నడుము బాగా లోపలికి లాగుతారు. బ్రియోని అనే సూట్ల కంపెనీ పుట్టింది అక్కడే, 1945లో, నజరేనో ఫోంటికోలి అనే టైలరూ గయెటానో సవీనీ అనే వ్యాపారీ కలిసి పెట్టారు. 1952లో ఫ్లోరెన్స్‌లోని పిట్టీ ప్యాలెస్‌లో మగవాళ్ల బట్టలకి ఫ్యాషన్ షో చేసింది కూడా వాళ్లే. పియర్స్ బ్రాస్నన్ జేమ్స్ బాండ్‌గా వేసుకున్న సూట్లు గుర్తున్నాయా? అవి బ్రియోని కోట్లు. వాటిలో 'మెత్తటి భుజం' ఎక్కడా కనిపించదు.

ఫ్లోరెన్స్ వాళ్లది ఇంకో దారి. ముందు భాగంలో నిలువు డార్ట్ (ఒంటికి పట్టేలా గుడ్డని మడిచి వేసే కుట్టు) వేయరు, పక్కకి జరిపేస్తారు. అందుకే గళ్ల గుడ్డ, చారల గుడ్డ ఛాతీ మీద తెగకుండా సాఫీగా పోతుంది. కింది అంచులు గుండ్రంగా విచ్చుకుంటాయి. మిలాన్‌ది ఉద్యోగస్తుల కోటు, శుభ్రంగా, ఏ హడావుడీ లేకుండా ఉంటుంది. మీరు చెప్పిన లక్షణాలన్నీ నేపుల్స్‌వి. టైలర్ దగ్గరికెళ్లి 'ఇటాలియన్' అంటే ఆయన బుర్రలో ఏ బొమ్మ ఉంటే అదే వస్తుంది. ఊరి పేరు చెప్పినా చాలదు, ఫొటో చూపించండి.

బక్రంవద్దు:
నేపుల్స్ గురించి నీలిచారలు గారు ఒక్క ముక్కతో వదిలేశారు, నేను ఊరుకోలేను 🙂

1930ల్లో జెన్నారో రుబినాచీ నేపుల్స్‌లో ఒక దుకాణం తెరిచాడు. దాని పేరేంటో తెలుసా? లండన్ హౌస్. అప్పట్లో అక్కడి కులీనులకి ఇంగ్లీషు సూటంటే పిచ్చి. కానీ లండన్ కోటు చలిదేశం కోటు. లోపల దట్టంగా పొరలు, భుజాల్లో ప్యాడ్లు. అక్కడ కటింగ్ చేసిన విన్చెంజో అట్టోలీని ఆ ప్యాడ్లు పీకేశాడు, లైనింగ్ తగ్గించాడు, కాన్వాస్ (కోటుకి ఆకారం నిలిపే లోపలి పొర) పలచన చేశాడు. మనం ఇటాలియన్ అని మురిసిపోయే కోటు అలా లండన్ కోటుని ఒలిస్తే వచ్చింది.

చూడాల్సిన గుర్తులు: భుజాన్ని చొక్కా భుజంలా కుడతారు, దాన్నే స్పల్లా కమీచా అంటారు. చేతి గుడ్డ చంక చుట్టుకొలత కంటే ఎక్కువ ఉంటుంది, ఆ ఎక్కువ గుడ్డని చేత్తో సర్దుతూ కుడితే పైన సన్నటి ముడతలు వస్తాయి. ఛాతీ జేబు పడవలా వంపు తిరిగి ఉంటుంది, దాని పేరే బార్కెత్తా, అంటే చిన్న పడవ. గుండీలు మూడు, పెట్టుకునేది మధ్యది ఒక్కటే, పైది లాపెల్ మడతలో కలిసిపోతుంది. (ఇంతకీ మీ పేరులో మూడో గుండీ పైదా, కిందదా?)

కానీ ఇవన్నీ పైపై నగలు. అసలు సంగతి చంకలో ఉంది. చంక ఎత్తుగా, చిన్నగా కోస్తే చెయ్యి ఎత్తినా కోటు వెంట లేవదు. రెడీమేడ్‌లో చంక కిందికి కోస్తారు, ఎవడికైనా పట్టాలి కదా. చూడ్డానికి అది వదులు, వేసుకుంటే అది సంకెల.

ఇస్త్రీపెట్టె:
ఇంత గోల దేనికండీ. మేడ్ టు మెజర్‌కి వెళ్లండి, మూడు వారాల్లో చేతికొస్తుంది. చంకా, పడవా, చిన్న ముడతా... ఎదుటివాళ్లు ఎవరూ గమనించరు.

సూదీదారం:
మా నాన్నగారు టైలర్. నేను కాజాలు కుడుతూ పెరిగాను. మూడోగుండీ గారూ, 'ఏ స్టైల్ అడిగినా చేస్తాం' అన్నవారిని జాబితాలో చివరికి జరపండి.

టైలర్ చెయ్యి రాత లాంటిది. ముప్పై ఏళ్లు గట్టి భుజం కుట్టినాయన మీరు అడిగారు కదా అని రేపటినుంచి మెత్తటి భుజం కుట్టలేడు. ప్యాడ్ తీసేస్తే మెత్తటి భుజం అవుతుందని చాలామంది అనుకుంటారు. అవదు. ప్యాడ్ మీద నిలబడేలా గీసిన పేపర్ ప్యాటర్న్‌లోంచి ప్యాడ్ తీస్తే భుజం కుంగిపోతుంది, చెయ్యి దగ్గర గుంట పడుతుంది. ప్యాటర్న్‌నే వేరేగా గీయాలి.

కాబట్టి వెళ్లగానే మీ కోటు గురించి మాట్లాడకండి. ఆయన కుట్టిన కోటు ఒకటి చూపించమనండి. బొమ్మ మీదది కాదు, మనిషి ఒంటిమీదది. ట్రయల్‌కి వచ్చిన కస్టమర్ ఎవరైనా ఉంటే ఒప్పుకుంటే చూడొచ్చు. లేదా ఆయన ఒంటిమీద ఉన్న కోటే చూడండి. బొమ్మకి కుంగిన భుజం ఉండదు, వంగిన వీపు ఉండదు, అందుకే దాని మీద అన్నీ బాగుంటాయి.

కాలర్ మెడకి అంటుకుని ఉందా, మాట్లాడుతూ చెయ్యి ఎత్తితే వెనక్కి లేచిపోతోందా? గుండీ దగ్గర ఇంటూ గుర్తులా ముడతలు పడుతున్నాయా? కాలర్ కింద వీపు మీద అడ్డంగా మడత ఉందా? చేతులు వేలాడేసి నిలబడితే చేతి గుడ్డ నిలువుగా జారుతోందా, మెలితిరుగుతోందా? ఈ నాలుగూ చూస్తే చాలు, ఆయన కత్తెర తెలిసిపోతుంది.

తర్వాత లోపలి సంగతి. కాన్వాస్ పూర్తిగా వేస్తారా, సగమా, లేక జిగురు బక్రం అతికిస్తారా అని అడగండి. జిగురుదైతే కొన్ని డ్రైక్లీనింగులయ్యాక ఛాతీ మీద బుడగల్లా లేచే ప్రమాదం ఉంది. కింది గుండీకి దిగువన గుడ్డని రెండు వైపులా వేళ్లతో పట్టుకుని విడదీసి చూడండి. రెండు పొరల మధ్య మూడోది విడిగా జారుతుంటే అది కాన్వాస్. మా నాన్నగారు దీన్ని చూపించేటప్పుడు కళ్లు మూసుకునేవారు, వేళ్లకి కళ్లు అడ్డమనేవారు.

పాతకోటు:
సూదీదారం గారు చెప్పిందానికి బతికున్న సాక్ష్యం నేనే.

నాలుగేళ్ల కిందట మంచి పేరున్న ఒక టైలర్ దగ్గరికి వెళ్లాను. పేరు చెప్పను, ఎందుకంటే తప్పు సగం నాది. ఆయన కోట్లు నిటారుగా, సైనికుడి కోటులా ఉంటాయి. చూసి ముచ్చటపడ్డాను. ముచ్చటపడినవాణ్ణి అదే కుట్టించుకోవాలి కదా? కాదు, ఫోన్ తీసి ఒక నేపుల్స్ కోటు బొమ్మ చూపించి ఇలా కావాలన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి 'చూద్దాం సార్' అన్నాడు. ఆ 'చూద్దాం'లోని అర్థం నాకు ఆరోజు తెలియలేదు.

మూడు ట్రయల్స్ అయ్యాయి. ప్రతిసారీ భుజం మీద ఏదో ఒకటి. ఒకసారి ముడతలు మరీ ఎక్కువై బుట్టచేతుల గౌనులా ఉంది. అవి తగ్గిస్తే చెయ్యి ముందుకి చాపలేకపోయాను. చివరికి చేతికొచ్చిన కోటు అటు ఆయన కోటూ కాదు, ఇటు నేపుల్స్ కోటూ కాదు. గుడ్డ మాత్రం చాలా మంచిది, అదే బాధ. బీరువాలో ఉంది. తీసినప్పుడల్లా ఒకసారి తడిమి మళ్లీ పెట్టేస్తాను.

ఇస్త్రీపెట్టె:
చూశారా, అదే నేనంటున్నది. మేడ్ టు మెజర్‌లో ముందే ఒక కోటు తొడిగి చూపిస్తారు. ఏమొస్తుందో తెలుస్తుంది. జూదం ఉండదు.

నీలిచారలు:
ఇస్త్రీపెట్టె గారూ, మీ మాట తీసిపారేయను. ఒళ్లు మామూలుగా ఉన్నవాళ్లకి మంచి మేడ్ టు మెజర్ చాలు, చెడ్డ బీస్పోక్ కంటే నయం కూడా. కానీ అది ముందే ఉన్న ప్యాటర్న్‌ని మీ కొలతలకి సర్దడం. బీస్పోక్ అంటే మీ ఒంటి కోసం కొత్తగా ప్యాటర్న్ గీసి, కచ్చా కుట్టు మీద తొడిగి, విప్పి, మళ్లీ కోసి చేయడం. మూడోగుండీ గారికి కుడి భుజం కుంగింది కాబట్టి రెండోదే పనికొస్తుంది.

ఆ పదాన్ని కూడా నమ్మకండి. 2008లో బ్రిటన్‌లో ప్రకటనల్ని పర్యవేక్షించే సంస్థ, మెషీన్ మీద కుట్టిన సూటుని కూడా బీస్పోక్ అని ప్రచారం చేసుకోవచ్చని తేల్చింది. లండన్‌లో టైలర్ల వీధి సావిల్ రో వాళ్లకి అప్పుడు ఒళ్లు మండిపోయింది. బోర్డు మీద ఏం రాశారన్నది కాదు, కచ్చా కుట్టుతో ట్రయల్ ఉందా లేదా అడగండి. లేదంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

మూడోగుండీ:
అందరికీ బోలెడు థాంక్స్. (నాది కింది గుండీ అండీ, ఎప్పుడూ పెట్టుకోనిది.) వెళ్లేముందు ఇంకొక్కటి. గుడ్డ విషయంలో సూపర్ 150 తీసుకుందామనుకుంటున్నాను. జీవితంలో ఒక్కసారి కదా.

బక్రంవద్దు:
ఆగండి ఆగండి. ఆ అంకె ఊలు పోగు ఎంత సన్నమో చెప్తుంది, గుడ్డ ఎంత మంచిదో కాదు. సూపర్ 100 అంటే పోగు మందం 18.75 మైక్రాన్లకి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించకూడదు. అంకె పది పెరిగితే పోగు అర మైక్రాన్ సన్నబడుతుంది. అలా 150కి వచ్చేసరికి 16.25. చేత్తో తాకితే వెన్న. కానీ అంత సన్నటి పోగు గుడ్డ ముడత పడితే తొందరగా తేరుకోదు, మోచేతుల దగ్గర, ప్యాంటు తొడల దగ్గర త్వరగా అరుగుతుంది. పైగా టైలర్‌కీ కష్టం, జారిపోతుంది, ప్రతి తప్పూ పైకి కనిపిస్తుంది.

మొదటి సూటుకి సూపర్ 100, 110 దాటొద్దు. అంకె కంటే బరువు చూడండి. మీటరుకి 280 నుంచి 320 గ్రాములైతే గుడ్డ తనంతట తాను కిందికి దిగుతుంది, ఇస్త్రీ నిలుస్తుంది. వేడిగా ఉండేచోట వేసుకునేదైతే బరువు తగ్గించే బదులు నేత మార్చండి. పోగు గట్టిగా పేని, వదులుగా నేసిన గుడ్డలుంటాయి, వెలుతురుకి ఎత్తిపట్టుకుంటే సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. గాలి ఆడుతుంది, ముడత పడదు. మొదటిసారి తాకితే కాస్త గరుకు, భయపడకండి.

ఉత్తర ఇటలీలో బియెల్లా చుట్టుపక్కల ఊళ్లే ఈ గుడ్డలకి పుట్టిల్లు. ఆల్ప్స్ నీళ్లలో సున్నం తక్కువ, ఊలు కడగడానికి అది బాగా కలిసొచ్చింది. విటాలే బార్బెరిస్ కానోనికో అనే మిల్లు వాళ్లు తమ చరిత్రని 1663 నుంచి లెక్కపెడతారు. వాళ్ల మామూలు రకం ముదురు నీలం గుడ్డ ఏ టైలర్ దగ్గరున్నా, కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

పాతకోటు:
చారలూ గళ్లూ కూడా మొదటిసారి వద్దు. సాదా నీలం. నా మాట వినండి, వినకపోతే మీకూ ఒక బీరువా కోటు తయారవుతుంది.

మూడోగుండీ:
ముగ్గురినీ చూసి వచ్చాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మొదటాయన షాపు. కాఫీ ఇచ్చారు, పుస్తకం లాంటి క్యాటలాగ్ ఇచ్చారు. కచ్చా కుట్టు ట్రయల్ ఉంటుందా అంటే 'మా కొలతలు అంత పక్కాగా ఉంటాయి సార్, ట్రయల్ అవసరం రాదు' అన్నారు. కుడి భుజం సంగతి నేను చెప్పేదాకా ఆయన గమనించలేదు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

రెండో ఆయన నిజంగా మంచి పనివాడు. స్పల్లా కమీచా గురించి నాకంటే ఎక్కువ మాట్లాడాడు. కోటు చూపించాడు, భుజం మీద ఆ ముడతలు ముత్యాల్లా ఉన్నాయి. తీసి వేసుకుని చూడమన్నాడు. వేసుకున్నాను, చెయ్యి ఎత్తాను, కాలర్ మెడ వదిలేసి వెనక్కి లేచింది. అది నా కొలతది కాదు కదా అనుకున్నాను. కానీ అదే కోటు ఆయన తొడుక్కుని చెయ్యి ఎత్తినా లేచింది. బక్రంవద్దు గారు నగలన్నది ఇదేనేమో.

మూడో పెద్దాయన. నేను గడపలో నిలబడగానే 'బ్యాగు కుడివైపు మోస్తారా?' అన్నారు. ఇంకా కూర్చోలేదు! ఫొటో చూపిస్తే కళ్లద్దాలు పైకి నెట్టి చాలాసేపు చూశారు. 'ఈ ముడతల భుజం నాకు చేతకాదండీ. నేర్చుకోలేదు' అన్నారు. నాకు నీరసం వచ్చింది. ఆ తర్వాత తన కోటొకటి తెచ్చి నా ఒంటికి తొడిగారు. భుజం మెత్తగానే ఉంది, లోపల పలచటి పొర ఒకటుంది, పైన ముడతలేమీ లేవు. చెయ్యి ఎత్తాను. కాలర్ కదల్లేదు. కాన్వాస్ పూర్తిగా వేస్తారట, కచ్చా కుట్టు మీద రెండు ట్రయల్స్, అవసరమైతే మూడు. 'ముడతల భుజంలో ప్యాడ్ ఉండదు, మీ భుజం ఎలా ఉంటే అలా కనిపిస్తుంది. మీకది ఇష్టమేనా?' అని అడిగారు. నేనసలు ఆ కోణంలో ఆలోచించనే లేదు.

ఇప్పుడేం చేయాలి? నాకు నచ్చిన భుజం రెండో ఆయన దగ్గరుంది, నాకు నప్పే కోటు మూడో ఆయన దగ్గరుంది.

సూదీదారం:
చేతకాదని చెప్పిన టైలర్ నాకు ఇంతవరకు ఇద్దరే తగిలారు. ఒకరు మా నాన్న. మూడో ఆయన.

బక్రంవద్దు:
నేపుల్స్ భక్తుణ్ణే చెప్తున్నాను, మూడో ఆయన. ఆ ముడతలు లేకపోయినా నేపుల్స్ కొంప మునగదు. చంక ఎత్తుగా కోస్తున్నాడు, లోపల పలచగా ఉంచుతున్నాడు, లాపెల్ వెడల్పూ మూడు గుండీల మడతా అడిగితే ఇస్తాడు. మీరు మొదట్లో అడిగింది 'ఒంటిమీద ఉందో లేదో తెలియని కోటు'. అది ఇదే.

పాతకోటు:
ఆయన చేతకాదన్నది మాత్రం చేయమని బతిమాలకండి. నాకు కుట్టిన టైలర్ కూడా 'చేతకాదు' అని ఉంటే ఎంత బాగుండేది.

నీలిచారలు:
ఒక్క సలహా. ముందు ప్యాంటు ఒక్కటి కుట్టించండి. అదీ అదే గుడ్డలో వద్దు, వేరేది. పెద్దగా పోయేదేమీ లేదు. ఆయన చెప్పిన రోజుకి ఇస్తారా, చిన్న మార్పు చెప్తే మొహం ముడుస్తారా, అవన్నీ తెలుస్తాయి.

మూడోగుండీ:
ప్యాంటు వచ్చింది, చెప్పిన రోజు కంటే రెండు రోజులు ఆలస్యం. ముందే కబురు చేశారు కాబట్టి పట్టించుకోలేదు. నడుము దగ్గర ఒక ప్లీటు, కింద నాలుగున్నర సెంటీమీటర్ల మడత. కూర్చుంటే బిగుసుకోని ప్యాంటు నాకు ఇదే మొదటిది. సూటు ఇచ్చేశాను. సాదా నీలం, 300 గ్రాములు.

నిన్న మొదటి ట్రయల్. తెల్లదారంతో కచ్చా కుట్లు, ఒక చెయ్యే తగిలించి ఉంది, జేబుల్లేవు, కాజాల్లేవు. అద్దంలో చూసుకుంటే దిష్టిబొమ్మలా ఉన్నాను. రోజూ వేసుకునే బూట్లు, చొక్కా వేసుకుని రమ్మన్నారు, ఫోన్ జేబులో పెట్టుకోమన్నారు, ఎందుకంటే పెట్టుకునే తిరుగుతాను కదా. నిటారుగా నిలబడితే 'అలా కాదు, బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడండి' అన్నారు. నిలబడ్డాను. కుడి భుజం కుట్టు పర్రుమని విప్పేశారు, గుండె గుభేలుమంది. అటువైపు గుడ్డ పైకి లాగి పిన్నులు గుచ్చి, సుద్దతో గీశారు. కుడివైపు పలచటి పొర ఒకటి అదనంగా వేస్తారట. ఎడమవైపు వేయరు. 'రెండూ ఒకేలా కుడితే అది మీ కోటు కాదు, దుకాణం కోటు' అన్నారు.

అక్కడక్కడ కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలేశారు. లావైతే విప్పుకోవడానికట. నేను లావవుతానని ఆయనకెలా తెలుసో!

సూదీదారం:
అది అందరికీ తెలుసండీ 🙂 రెండో ట్రయల్‌లో చేతి కాజాల సంగతి అడగండి. చేతుల చివర గుండీలు నిజంగా విప్పేలా కోసేస్తే, తర్వాత చేతి పొడుగు మార్చడం చాలా కష్టం. అవి ఉంటే బీస్పోక్ అని కొందరు చంకలు గుద్దుకుంటారు గానీ ఈరోజుల్లో రెడీమేడ్‌కీ కోస్తున్నారు.

మూడోగుండీ:
అడగకముందే ఆయనే చెప్పారు. 'గుండీలు కుట్టి ఇస్తాను, కాజాలు కోయను. మూడు నెలలు వేసుకుని తిరిగి రండి. గుడ్డ దిగాల్సినంత దిగాక కోస్తాను.'

సూటు మొన్న చేతికొచ్చింది. భుజం మీద ముడతలు లేవు. చెయ్యి ఎత్తినా కాలర్ కదలదు, నాకదే ఆటైపోయింది, ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. ఎడమవైపు లాపెల్ మడతలో ఒకచోట మెలిక ఉంది, ఇంకో ఇస్త్రీకి సర్దుకుంటుందన్నారు, చూడాలి. ఆఫీసులో ఒక్కరు కూడా 'కొత్త సూటా' అనలేదు. 'ఏంటి, సన్నబడ్డావా' అన్నారు ఇద్దరు.

ఇస్త్రీపెట్టె:
మూడోగుండీ గారూ, చిన్న సందేహం. ఆ పెద్దాయన ప్యాంటు ఒక్కటే కూడా కుడతారన్నారు కదా?

మూడోగుండీ:
కుడతారండీ. ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లండి.